బుదరి ఒట్టు

ఉసిరిగరువులో బుదరి నోటికి జంకని మగవాడు లేడు. ఆ నోరు లేకుండా ఇటుకల పండగ గడిచిన ఏడూ లేదు.

అరకు సంతలో జీపెక్కి గంటసేపు కొండ మీదికి పోతే వస్తుంది ఆ ఊరు. నలభై గడప. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మానుకు పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ. బుదరికి నలభై రెండో, మూడో. ఆధార్ కార్డులో ఉన్నది నమ్మొద్దు. అందులో ఆవిడ జనవరి ఒకటిన పుట్టింది, ఆ ఊళ్ళో సగం మంది కూడా అదే రోజు పుట్టారు. బుధవారం పుట్టింది కాబట్టి బుదరి అన్నారు, అంతవరకు నిజం. మనిషి పొట్టి. కాఫీ పళ్ల కోతకు వెళ్లేటప్పుడు చీర మోకాళ్ల దాకా ఎగగట్టి, ఎర్రచీమలు కుట్టకుండా పైన మొగుడి పాత చొక్కా తొడుక్కుంటుంది. దూరం నుంచి చూస్తే చొక్కా ఒకటే చెట్ల మధ్య నడిచిపోతున్నట్టుంటుంది. గొంతు మాత్రం లోయకు ఆ పక్క కూడా వినిపిస్తుంది.

ఆ ఊళ్ళో ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకొని థింసా ఆటకు వరస కడితే, మొదటి పదం ఎత్తేది బుదరే. అంతకు ముందు ఆమె అత్త ముత్యాలమ్మ ఎత్తేది. ముసలామెకు ఆయాసం పట్టాక కోడలికి ఇచ్చేసింది. ఎత్తడమంటే ఊరికే పాడటం కాదు. ఎదురుగా ఎవరున్నారో చూసి, అప్పటికప్పుడు మాట అల్లాలి. మిగతావాళ్లు దాన్ని అందుకుంటారు. ఎత్తేవాళ్లు లేకపోతే అందుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక ఇటుకల పండగ సంగతి చెప్పాలి, అది తెలియకపోతే ఈ కథ తెలియదు. చైత్రంలో వస్తుంది. ఊరి నడుమ నిసాని దేవత రాయి దగ్గర విత్తనాలన్నీ రాశిపోసి పూజ చేస్తారు. మగవాళ్లు విల్లంబులు పట్టుకొని వేటకు పోతారు. అడవిలో ఇప్పుడు జంతువులు లేవు, ఉన్నా ఫారెస్టువాళ్లు ఊరుకోరు. కాబట్టి ఏటా కొండెక్కి, చెట్టు కింద కూర్చుని, చుట్టలు కాల్చుకొని, ఖాళీ చేతులతో దిగివస్తారు. ఊరి మొదట ఆడవాళ్లు వెదురు గడ అడ్డం పెట్టి, పేడనీళ్ల కుండలతో నిలబడి ఉంటారు. ఒట్టి చేతులతో వచ్చినవాడి నెత్తిన పేడనీళ్లు పోస్తారు, పాట కట్టి తిడతారు. ఆ ఏడాది మగవాళ్లు చేసిన వంకర పనులన్నీ ఆ పాటలోకి వచ్చేస్తాయి. పంటకు కాపలా పోయి నిద్రపోయిన వాడు, తల్లికి కూడు పెట్టనివాడు, పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నవాడు, ఒక్కడూ తప్పించుకోలేడు. ఎదురు చెప్పకూడదు, నవ్వాలి. తిట్టు పడ్డాకే గడ ఎత్తుతారు, ఆ తరువాతే దిసారి, అంటే ఆ ఊరి పూజారి, విత్తనాలు పంచుతాడు. తిట్టు తినని చేత్తో విత్తు వేస్తే మొలవదని వాళ్ల నమ్మకం.

ఆ ఏడు మార్చిలో విశాఖ నుంచి ఒక అమ్మాయి కెమెరాతో వచ్చింది. కాఫీ పాదుల్లో పనిచేస్తున్న ఆడవాళ్లను పలకరిస్తూ, బుదరి దగ్గర ఆగింది. "మీ దగ్గర ఆడవాళ్లకు స్వేచ్ఛ ఎక్కువట కదా అమ్మా?" అని అడిగింది.

బుదరి కొడవలి పక్కన పెట్టి జవాబు చెప్పింది. "ఉంది గదా. నచ్చినోడి కూడా ఎలిపోడానికి ఉంది, నచ్చనోడ్ని ఒగ్గీడానికి ఉంది. ఊరి మీటింగులో కుర్సీ మీద కూకోడానికి నేదు. ఊట కాడ్నించి నీల్లు మోసేది మేము. కుళాయి ఎక్కడెయ్యాలో సెప్పేది ఆల్లు. నాయుడి ఇంటి ముందు ఏసుకున్నారు. పేకాడుకునీ కాడ దాహం ఎక్కువ గదా మరి."

పక్కనున్న ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుతో సహా వీడియో వెళ్లి ఎక్కడెక్కడి ఫోన్లలోనో పడింది.

లక్షమంది చూశారట. కొందరు మెచ్చుకున్నారు. ఆ కొండ ఎన్నడూ ఎక్కని వాళ్లు, కుళాయి ఎక్కడుందో తెలియని వాళ్లు వీడియో కింద తీర్పులు రాశారు. ఇంత నోరున్న ఆడది కొంపకు చేటు అన్నాడొకడు. మొగుడు చేతకానివాడై ఉంటాడని ఇంకొకడు. గిరిజన సంస్కృతి పరువు తీసిందని ఇంగ్లీషు పేరు పెట్టుకున్న మరొకడు. పాపం, ఆ సంస్కృతిలో ఆడవాళ్లు ఏటా పేడనీళ్లు పోస్తారని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. నన్నడిగితే, ఆడదాని నోరు మూయించే అలవాటు ఆ కొండ మీద పుట్టింది కాదు. కింద నుంచి సిగ్నల్‌తో పాటు ఎక్కి వచ్చిన సరుకు అది.

ఆ రాతలన్నీ కూర్చుని చదివినవాడు శివప్రసాద్. బుదరి మొగుడు మంగ్లుకు అన్న కొడుకు. తొమ్మిది నెలల పిల్లవాడప్పుడు తల్లి జ్వరంతో పోయింది. బుదరి కూతురు గాయత్రి అప్పటికి చంటిది. రెండు రొమ్ములున్నాయి, ఇద్దరు పిల్లలున్నారు, ఇంకేటి అని బుదరి వాణ్ని ఒళ్లోకి తీసుకుంది. గాయత్రి పెళ్లయి రాజవొమ్మంగి వైపు వెళ్లిపోయింది. ప్రసాద్ పాడేరులో డిగ్రీ చదివి, తిరిగొచ్చి టూరిస్టు జీపు నడుపుతున్నాడు. ఊరి యువజన సంఘానికి ప్రెసిడెంటు. మంచి పిల్లవాడే. కాకపోతే పదిమంది ఏమనుకుంటారోనన్న భయం మాత్రం కాస్త ఎక్కువ.

జీపుల స్టాండులో వాణ్ని చూసి, మీ సిన్నమ్మకి దాహం తీరిందేటి అని తోటి డ్రైవర్లు ఎగతాళి చేశారు. వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు ఊరి నాయుడు, అంటే ఊరి పెద్ద, గాసి మీటింగు పెట్టించాడు. కుళాయి ఆయన ఇంటి ముందే ఉంది కాబట్టి మాట ఆయనకు సూటిగానే తగిలింది. బుదరి తప్పు ఒప్పుకోవాలి, ఇకమీదట ఊరి మగవాళ్ల గురించి నోరెత్తనని నిసాని రాయి దగ్గర ఒట్టు వెయ్యాలి, అది ఫోన్లో తీసి నలుగురికీ చూపించాలి, అని తేల్చారు. మంగ్లు ఆ మీటింగులో ఒక మూల కుర్చీలో కూర్చుని నేల చూశాడు. అతను పెళ్లినాడు కూడా నేలే చూశాడు.

కబురు తెచ్చింది ప్రసాదే. బుదరి అప్పుడు పొయ్యి ముందు కూర్చుని రాగి అంబలి కలుపుతోంది.

"నానేటి అబద్దమాడినాన్రా పెసాదూ?" అంది.

"అబద్దం కాదు సిన్నమ్మా. నిజమే. అయితే మాత్రం ఊరి మాట బయటి ఫోన్లో సెప్తారేటి?" వాడు గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నీ గురించి ఏటేటి రాసినారో నాను సదివినాను. నీకు సదవడం రాదు. నాకొచ్చు. నాకొచ్చును గాబట్టే నాకీ కట్టం." అంటూనే కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు.

బుదరి కర్ర తిప్పడం ఆపేసింది. వాడు ఏడవడం ఆమె చూసి పదేళ్లయింది. ఆ రాతలు వాడికి తన మీద ప్రేమ కొద్దీ నొప్పెట్టాయా, తన వల్ల సిగ్గేసి నొప్పెట్టాయా అని ఆమె తేల్చుకోలేకపోయింది. రెండూ అయ్యుంటాయి. లోపలికి రమ్మని అంబలి పోసింది. వాడు తాగేదాకా చూసి, "సరే, ఏత్తాన్లే. నువ్వు కూడు తిను ముందు" అంది.

మర్నాడు పొద్దున్న రాయి దగ్గర ఊరంతా చేరింది. దిసారి బియ్యం గింజలు చేతిలో పెట్టాడు. నాయుడు చెప్పినట్టు బుదరి అంది: "నాను తప్పు మాటాడినాను. ఈ ఊరి మగోళ్ల గురించి ఇంక నోరెత్తను. ఎత్తితే నా సేతి విత్తనం మొలవకుండ పోవాల." ప్రసాద్ ఫోను పట్టుకున్నాడు. తెర మీద తప్ప చిన్నమ్మ వైపు చూడలేదు.

అరుగు మీద అడ్డాకులు కుడుతున్న ముత్యాలమ్మ తలెత్తి, పక్కింటి రాజకుమారిని అడిగింది. "ఇటుకల పండగ ఎన్నాల్లుందే?"

"ఇరవై రోజులుందత్తా."

"ఊఁ" అని ముసలామె మళ్లీ ఆకు అందుకుంది.

ఆ ఇరవై రోజులూ బుదరి మాట్లాడకుండా ఏమీ లేదు. ఉప్పు ఉందా, గొడ్డలి ఎక్కడ, అన్నీ అడుగుతూనే ఉంది. అయితే పాట పోయింది. కాఫీ కొమ్మలు కత్తిరిస్తున్నప్పుడు గొణిగే కూనిరాగం పోయింది. పొద్దున్నే కోళ్లను పేరుపేరునా తిట్టి లేపే మనిషి, గింజలు విసిరేసి ఊరుకుంటోంది. ఊట దగ్గర ఆడవాళ్లు నాయుడి మీద ఏదో ఛలోక్తి విసిరితే కుండ ఎత్తుకొని వెళ్లిపోయేది. ఒట్టు వేసింది నోటికే అయినా లోపల ఇంకేదో కూడా కట్టేసినట్టయింది ఆమెకు. అదేమిటో చెప్పడానికి మాట దొరకలేదు. మాటకు తడుముకోవడం ఆమెకు కొత్త, అందుకు ఇంకా దుఃఖంగా ఉండేది.

ఒక సాయంత్రం మంగ్లు ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. "కోళ్లనైనా తిట్టవే" అన్నాడు.

ఆమె నవ్వలేదు.

"ఆరోజు మీటింగులో నాను మాటాడవలసింది" అన్నాడు మళ్లీ.

"నీకు నోరు నేదని తెలిసే గదా సేసుకున్నాను" అంది బుదరి. "నా నోరు ఇద్దరికీ సరిపోద్దిలే అనుకున్నాను." అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

పండగ వచ్చింది. మగవాళ్లు విల్లంబులు పట్టుకొని పొద్దున్నే కొండెక్కారు. ఎలాగూ తడుస్తాయని అందరూ పాత చొక్కాలే వేసుకున్నారు. ఆడవాళ్లు వెదురు గడ కట్టి, పేడనీళ్లు కలిపి, ఊరి మొదట వరసగా నిలబడ్డారు. బుదరి వరస చివర నిలబడింది.

"నువ్వెత్తు" అంది రాజకుమారితో. రాజకుమారి ముప్పై ఏళ్ల మనిషి, గొంతు బాగుంటుంది.

"నా వల్ల కాదొదినా."

"ఎందుకవదు? పదాలన్నీ నీకొచ్చు."

రాజకుమారి కుండ కింద పెట్టింది. "నానెత్తితే రేపు నా సేత ఒట్టేయిత్తారు. నాకు ఇద్దరాడపిల్లలున్నారు. ఈ మగోళ్ల కాడ ఫోన్లున్నాయి." అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లెవరూ ఆ మాటకు అడ్డు చెప్పలేదు. ఒక్కదాని నోటికి వేసిన తాళం అందరి నోళ్లకూ పడిందని బుదరికి అప్పుడు తెలిసింది. ఒట్టు వేసిన రోజు కూడా అంత భయపడలేదు ఆవిడ.

మిట్టమధ్యాహ్నానికి డప్పు వినిపించింది. మగవాళ్లు దిగి వచ్చి గడ ముందు ఆగారు. ఖాళీ చేతులు. ముందువరసలో గాసి నాయుడు పేడనీళ్లకు తల వంచి సిద్ధంగా నవ్వుతున్నాడు. పాట రాలేదు. నీళ్లూ రాలేదు. డప్పు కొట్టేవాడు కాసేపు కొట్టి ఆపేశాడు. చైత్రం ఎండ నెత్తి మాడుస్తోంది. నవ్వడానికి సిద్ధపడి వచ్చిన మొహాలు ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉన్నాయి.

"కానీండి బేగి. కాళ్లు కాల్తన్నాయి" అన్నాడు నాయుడు.

ఎవరూ కదల్లేదు.

"ఏటైనాది?"

వెనక నుంచి ముత్యాలమ్మ కర్ర ఊతంగా పట్టుకొని ముందుకొచ్చింది. "ఏటీ అవనేదు నాయుడా. ఒట్టుంది గదా. మగోళ్ల గురించి నోరెత్తకూడదు. మగోళ్లని తిట్టకుండ ఇటుకల పాట ఎలా ఎత్తాలో నువ్వు సెప్పు, మా కోడలు అలాగే ఎత్తుద్ది."

పాపం, అప్పటిదాకా ఆ సంగతి ఒక్క మగవాడికీ తట్టలేదు. ఫోన్లో వాళ్లకు జవాబు చెప్పే తొందరలో, పండగ మూడు వారాల్లో ఉందని మరిచిపోయి, తమను తిట్టాల్సిన నోటికే తాళం వేశారు.

"అదేరు, పండగేరు" అన్నాడు నాయుడు.

విత్తనాల దగ్గర నుంచి దిసారి వచ్చాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నిసాని కాడ ఏసిన ఒట్టుకి పండగ సెలవలుండవు. అడిగి ఏయించుకున్నోల్లే తిరిగియ్యాల. నేదంటే మీరిలాగే నిలబడండి, విత్తనం పంచడం నా వల్ల కాదు."

"రాయి కాడికి ఎలా వత్తాం? తిట్టు పడందే ఊళ్లోకి రాకూడదు గదా" అన్నాడెవరో.

ఆ చిక్కు అందరికీ ఒకేసారి అర్థమైంది. దిసారి నిట్టూర్చి, వెనక్కి వెళ్లి, రాయి మీది గింజలు గుప్పెడు దోసిట్లో తెచ్చి గడ మీదుగా పట్టుకున్నాడు. "అడిగినోల్లెవులో రండి" అన్నాడు.

కబురు మోసి ఒట్టుకు ఒప్పించింది ప్రసాదే కాబట్టి అందరూ వాడి వైపు చూశారు. వాడు నెమ్మదిగా గడ దగ్గరకు వచ్చాడు. ఇరవై రోజులుగా వాడు చిన్నమ్మ మొహం సరిగా చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఆ మొహంలో కోపం ఉంటే వాడికి తేలికగా ఉండేది. అది లేదు. పెద్ద జ్వరం నుంచి లేచిన మనిషిలా ఉంది.

"సిన్నమ్మా, నీ ఒట్టు నీకు తిరిగిచ్చేత్తన్నాను" అన్నాడు.

బుదరి వెంటనే చెయ్యి చాపలేదు. "ఆరోజు ఫోన్లో తీసినావు. ఇదీ తియ్యి. తీసుకున్నట్టే తిరిగియ్యాల."

వాడు జేబులోంచి ఫోను తీసి, గడ మీదుగా రాజకుమారి చేతికి ఇచ్చాడు. గింజలు పట్టుకున్నాడు. ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. "మా సిన్నమ్మ తప్పు మాటాడనేదు" అన్నాడు. "కుళాయి సంగతి నిజమే. నాను సదివినోడ్ని. ఎవులో రాసింది సదివి మా అమ్మని సిగ్గుపెట్టినాను." చిన్నమ్మ అనబోయి అమ్మ అన్నాడు, దాన్ని దిద్దుకోలేదు.

బుదరి గింజలు అందుకొని కొంగులో ముడివేసుకుంది. తరువాత నాయుడి వైపు చూసింది. నాయుడు ఎండలో చెమటలు కక్కుతూ, "నాను కూడా ఒగ్గేత్తన్నాన్లే. ఎత్తమ్మా" అని గొణిగాడు.

ఆమె వరస చివర నుంచి మొదటికి వచ్చింది. రాజకుమారి నడుం చుట్టూ చెయ్యి వేసింది. మొదటి పదం సగంలో విరిగింది. ఇరవై రోజులు వాడని గొంతు. మళ్లీ ఎత్తింది. వాళ్ల కొండ భాషలో పాడింది, తెలుగులో చెబితే సగం రుచి పోతుంది. అయినా చెబుతాను.

"వేటకెళ్లిన వీరులారా, బుజం మీద బరువేటి?
గాలి తెచ్చినారా అయ్యా, గాలి కూర వండమంటారా?
కుళాయి మీ గుమ్మం కాడ, కుండ మా నెత్తి మీద,
కుర్సీ మీ నడుం కింద, కొండ మా నడుం మీద."

నలభై గొంతులు దాన్ని అందుకున్నాయి. నాయుడి నెత్తిన మొదటి కుండ ముత్యాలమ్మ పోసింది. ఆయన ఆచారం ప్రకారం నవ్వాడు. మొదట నవ్వినట్టు నటించాడు, కాసేపటికి నిజంగానే నవ్వొచ్చింది. కెమెరా ముందు అన్నప్పుడు నేరమైన మాటే, గడ ముందు అనేసరికి పండగైంది. సంగతి మాత్రం మారలేదు.

ప్రసాద్ మీద బుదరి కుండ నిండుగా ఒంపింది. వాడు కళ్లు మూసుకొని నిలబడ్డాడు. కళ్లలోంచి కారేది పేడనీళ్లో మరొకటో తెలియలేదు. గడ ఎత్తగానే ఆమె వాణ్ని దగ్గరకు లాక్కొని, చిన్నప్పుడు ముక్కు తుడిచినట్టే కొంగుతో మొహమంతా తుడిచింది.

"ఇంకా తిట్టు సిన్నమ్మా" అన్నాడు.

"నీకియ్యాల్టికి సాలు. పద, ఆకలేత్తంది" అంది.

ఒట్టు తిరిగిచ్చిన వీడియో కూడా వెళ్లింది. దాని కిందా రాశారు, మళ్లీ అవే మాటలు. ప్రసాద్ అన్నీ చదవడం మానేశాడు. బుదరి ఒకసారి అడిగింది, ఏటి రాసినార్రా అని. నీ నోరు పెద్దదని రాసినారు అన్నాడు. అబద్దం కాదు గదా అని ఆమె కాఫీ పాదు తవ్వుకుంటూ పోయింది.

కుళాయి మాత్రం వెంటనే కదల్లేదు. పాట పాడితే ఇనప గొట్టాలు నడిచిరావు. వానలు పడి, విత్తనాలు మొలిచాక, దాని గురించే మీటింగు పెట్టారు. ఆడవాళ్లు ఎప్పటిలాగే వెనక గోడ దగ్గర నిలబడ్డారు. నాయుడు మాట మొదలుపెట్టబోతుంటే, మూల కుర్చీలోంచి మంగ్లు లేచాడు. అందరూ అతనికేసి తిరిగారు, ఇన్నేళ్లకు ఏదో చెబుతాడనుకొని. అతను వెనక్కి తిరిగాడు. కుర్చీ రెండు చేతులా పైకెత్తి, జనం మధ్య నుంచి మోసుకెళ్లి, గోడ దగ్గర పెళ్లాం ముందు పెట్టాడు. తను నేల మీద కూర్చున్నాడు. ఈసారి నేల చూడలేదు, ఆమెనే చూశాడు.

బుదరి కూర్చుంది. కొంగు సర్దుకుంది. తరువాత మొదలుపెట్టింది.